నీ నింటెండో ఎర్ర దీపం గురించి

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. న్యూజెర్సీలో పాత సామాన్ల అమ్మకంలో నువ్వు కొన్న నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనే పాత వీడియో గేమ్ యంత్రం స్విచ్ నొక్కగానే ఎర్ర దీపం సెకనుకొకసారి వెలిగి ఆరుతోందనీ, తెర కూడా దానితోపాటే మినుకుమంటోందనీ, దగ్గరలోని దుకాణం వాళ్ళు బోర్డు కాలిపోయిందని తేల్చేశారనీ రాశావు. ఆ మాట నమ్మి దాన్ని మూలన పడేయకు. బోర్డు కాలిపోయిన యంత్రంలో దీపం ఇంత క్రమం తప్పకుండా మినుకుమనదు. అది లోపల ఒక చిప్పు బుద్ధిపూర్వకంగా చేస్తున్న పని.

తన అనుమతి లేని గేమ్ క్యాసెట్టు ఆడకూడదని నింటెండో ఈ యంత్రంలో ఒక తాళం చిప్పునూ, ప్రతి క్యాసెట్టులో దానికి జతగా తాళంచెవి చిప్పునూ పెట్టింది. ఇద్దరు విద్యార్థులు ఒకే పద్యాన్ని ఎదురెదురుగా కూర్చుని ఒప్పజెప్పుకుంటూ అక్షరం అక్షరం సరిచూసుకున్నట్టు ఆ రెండు చిప్పులూ నిరంతరం సంకేతాలు మార్చుకుంటాయి. ఎక్కడ తేడా వచ్చినా తాళం చిప్పు యంత్రాన్ని రీసెట్ చేస్తుంది, మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ రీసెట్ చేస్తుంది. నీకు కనిపిస్తున్న మినుకు అదే. చిన్నప్పుడు మనం ఆడిన నకలు యంత్రాల్లో ఇది ఎన్నడూ చూడలేదు, ఎందుకంటే వాటికి మూలమైన 1983 నాటి ఫామికామ్‌లో, అంటే ఇదే యంత్రపు జపాన్ రూపంలో, ఈ తాళమే లేదు. అక్కడ పిన్ను సరిగా తగలకపోతే తెర మీద పిచ్చిగీతలు వచ్చేవి, అంతే.

కాబట్టి నీ యంత్రంలో చిప్పు చెడలేదనే నా నమ్మకం. చిప్పుల మధ్య మాట సరిగా అందడం లేదు, అందుకు కారణం దాదాపు ఎప్పుడూ క్యాసెట్టును బోర్డుకు కలిపే 72 పిన్నుల కనెక్టరే. 1985లో అమెరికాలో దీన్ని విడుదల చేసేనాటికి అక్కడ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలి ఉంది. అందుకే ఇది ఆటవస్తువులా కాక వీసీఆర్‌లా కనిపించాలని, క్యాసెట్టును ముందు నుంచి తోసి కిందికి నొక్కే ఏర్పాటు చేశారు. ఆ నొక్కుడుకు స్ప్రింగు పిన్నులు వంగి వంగి, ఏళ్ళు గడిచేసరికి పట్టు సడలిపోతుంది. 1993లో వచ్చిన పై నుంచి పెట్టే నమూనాలో ఆ నొక్కే ఏర్పాటునూ, తాళం చిప్పునూ రెండింటినీ తీసేశారు.

ముందుగా క్యాసెట్టు సంగతి చూడు. నోటితో ఊదే అలవాటు మనందరిదీ, కానీ ఊదినప్పుడు నోటి తేమ రాగి మీద చేరి మెల్లగా తుప్పు పట్టిస్తుంది. ఊదాక పనిచేసిందంటే క్యాసెట్టును తీసి మళ్ళీ పెట్టడం వల్లనే. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల వెంట నిలువుగా తుడువు, అడ్డంగా కాదు. దూది నల్లగా రావడం మానేదాకా బడ్‌లు మారుస్తూ ఉండు. ప్రతి పిన్ను మధ్యలో ఎన్నో ఏళ్ళు స్ప్రింగు రాసుకుపోయిన సన్నని మెరుపుగీత ఉంటుంది. ఆ గీత చుట్టూ ఉన్న మసకే నీ శత్రువు.

అప్పటికీ మినుకుమంటే యంత్రం విప్పు. కరెంటు తీసేసి, అడుగున ఉన్న ఆరు స్క్రూలు విప్పి, లోహపు కవచమూ, క్యాసెట్టు కూర్చునే తొట్టీ తొలగిస్తే, మదర్‌బోర్డు అంచుకు తొడిగిన కనెక్టర్ దానికదే జారి వస్తుంది. దాన్ని మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి, బాగా కదిపి, పూర్తిగా ఆరనివ్వాలి. లోపల ఒక్క తడిచుక్క ఉన్నా తిరిగి తొడగకు. బోర్డు అంచును కూడా ఆల్కహాల్‌తో తుడువు, చాలామంది అది మరచి, కనెక్టర్‌నే తిడతారు. సూదితో పిన్నులు పైకి లేపమని నీకు ఎవరైనా చెబుతారు. ఆ చికిత్స పనిచేస్తుంది కానీ లోహం అలసిపోతుంది, అందుకే దాన్ని చివరికి వదిలెయ్యి. చవకగా దొరికే కొత్త కనెక్టర్ల కంటే శుభ్రం చేసిన పాతదే నాకు ఇష్టం, ఎందుకంటే కొత్తవి క్యాసెట్టును బిగించి పట్టేసి, తీసేటప్పుడు ప్రాణం తీస్తాయి.

తాళం చిప్పు నాలుగవ కాలును కత్తిరిస్తే మినుకు ఆగిపోతుంది. నేను మాత్రం ముందు ఆ పని చేయను. ఆ దీపం మనకు సాక్షి, దాన్ని నోరు మూయిస్తే పిన్ను సమస్య అలాగే ఉండి, తెర మాత్రం ఖాళీగానో పిచ్చిగీతలతోనో నిలబడిపోతుంది. శుభ్రం చేశాక దీపం నిలకడగా వెలిగి, తెర ఒకే రంగులో ఉండిపోతే, అప్పుడు తప్పు వేరే పిన్నులదని అర్థం.

అసలు దీపమే వెలగకపోతే అది వేరే కథ. అమెరికా అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, దాన్ని లోపల డీసీగా మార్చి 7805 రెగ్యులేటర్ 5 వోల్టులు చేస్తుంది. మల్టీమీటర్‌తో ఆ 5 వోల్టులు కొలువు. డీసీతో నడిచే జపాన్ ఫామికామ్‌కు ఈ అడాప్టర్‌ను ఎన్నడూ తగిలించకు, అలాగే ఇక్కడికి తెచ్చినప్పుడు మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకు, అది 120 వోల్టులకు చేసినది.

వీటన్నిటికంటే మొదట రెండు మూడు వేర్వేరు క్యాసెట్లు పెట్టి చూడు. ఒక్కదానికే మినుకుమంటే యంత్రం విప్పనక్కరలేదు. ఏం కనబడిందో, తుడిచిన దూది ఏ రంగులో వచ్చిందో వెంటనే రాయి.

నీ
మూర్తి