ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు గేటు దగ్గర రాగిజావ అమ్మే అక్కకు కృతజ్ఞతలు

ఈ పొద్దున అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నొప్పి లేకుండా పరిగెత్తాను. ఎక్కువేం కాదు. కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్ళీ పరుగు. ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా ఇది రాస్తున్నా. బడులు తెరిచే లోపు రాయకపోతే ఇంక నాకు తీరిక దొరకదు. ఒళ్ళు అలిసిపోయి ఉంది, రాస్తుంటే ఊరికే ఏడుపొస్తోంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను. మా ఇంట్లో అందరికీ షుగరు, నాకు రాకూడదని. కొన్నాళ్ళకు షుగరు సంగతి పక్కకు పోయి పరుగు మీదే ఇష్టం పుట్టింది. పోయిన వానాకాలం కుడి మోకాలు పట్టేసింది. గ్రౌండులో అందరిదీ ఒకటే మాట: పరిగెత్తేటప్పుడు నీ అడుగు మడమ మీద పడుతోంది, పాదం ముందు భాగం మీద పడేట్టు వెయ్యి, మోకాలు బాగవుతుంది. పరుగులో కోచింగు ఇచ్చే ఒకాయన కూడా అదే చెప్పి, పలచటి అడుగున్న బూట్లు కొనిపించారు.

ఆ మాట అబద్ధం కాదు. మోకాలు నిజంగానే బాగయింది. పాదం ముందు భాగం మీద పడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కానీ ఆ భారం పిక్కల మీదికి, పిక్కను మడమకు కలిపే తాడులాంటి అకిలిస్ టెండన్ మీదికి, వేళ్ళ వెనక ఉండే సన్నటి ఎముకల మీదికి పోతుంది. ఇన్నేళ్ళూ ఆ పని చేయనివి అవి. అలవాటు పడటానికి నెలలు కావాలి. రోజుకు కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఈ రెండో సగం ఎవరూ చెప్పలేదు.

దసరా సెలవుల్లో పాదం పైభాగాన వాపు వచ్చింది. వేలితో నొక్కితే ఒకేచోట ప్రాణం పోయినట్టుండేది. ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే తీసి, ఏమీ లేదమ్మా, నార్మల్ అని నొప్పి మాత్రలు రాసిచ్చారు. పరుగు భారానికి ఎముకలో వచ్చే సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. ఎముక అతుక్కోవడం మొదలై, పగులు చుట్టూ కొత్త ఎముక పేరుకుంటే అప్పుడు కనబడుతుంది. "ఇప్పుడు కనబడటం లేదు, కొన్ని వారాలు పరుగు ఆపి మళ్ళీ రండి" అనే ఒక్క ముక్క చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఓపీ చీటీకి డబ్బు కట్టించుకున్నారు, తలెత్తి నా మొహం కూడా చూడలేదు. నార్మల్ అన్నారు కదా అని పరిగెత్తాను. చివరికి ఎంఆర్ఐ తీయిస్తే రెండో వేలి వెనక ఎముకలో పగులు తేలింది. కొత్తగా సైన్యంలో చేరి కవాతు చేసే కుర్రాళ్ళకు ఎక్కువగా వచ్చే పగులంట.

గట్టి అట్ట ఉన్న చెప్పులు వేసుకుని, సంక్రాంతి దాకా ఆ ఎముక అతుకు పడేందుకే గడిచింది. అతికింది. మళ్ళీ మెల్లగా మొదలుపెట్టగానే మడమ పైన నరం, అదే ఆ అకిలిస్ టెండన్, పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి నాలుగడుగులు గోడ పట్టుకుని వేసేదాన్ని. మడమ పైన వేళ్ళతో పట్టి చూస్తే ఆ నరం లావెక్కి ఉండేది. పరుగు మానెయ్యి అన్నవాళ్ళే అందరూ. క్రీడా వైద్యుడు కావాలంటే బెంగళూరు పొమ్మన్నారు. రెండు వందల కిలోమీటర్లు, సెలవు పెట్టి, కుంటుకుంటూ.

చివరికి ఊళ్ళోనే ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దారి చూపింది. ఆమెకు నా దండాలు. విశ్రాంతి ఒక్కటే తీసుకుంటే ఈ టెండన్ బాగవదని, దానికి బరువు మోయడం మళ్ళీ నేర్పాలని చెప్పింది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడాలి. బాగున్న కాలితో పైకి లేవాలి. నొప్పి ఉన్న కాలి మీద బరువు వేసి, మడమ మెట్టు కంటే కిందికి పోయేదాకా నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా పెట్టి పదిహేను, మూడు సార్లు. మోకాలు కొద్దిగా వంచి మళ్ళీ పదిహేను, మూడు సార్లు. రోజుకు రెండు పూటలా, పన్నెండు వారాలు. నాకు చెప్పిన పద్ధతిలో నొప్పి పుట్టినా ఆపకూడదు, మరీ భరించలేనంత అయితే తప్ప. నొప్పి తగ్గాక వీపున సంచి తగిలించుకుని బరువు పెంచాలి.

ఇది స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు 1998లో ప్రచురించిన పద్ధతి. ఆయనకే ఈ నొప్పి ఉండేదట. ఆపరేషన్ చేయండంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. అయితే తెగిపోనీ, అప్పుడైనా చేస్తారు అని ఆ కాలి మీద ఇష్టమొచ్చినంత బరువు వేశాడట. తెగకపోగా నొప్పి పోయిందట. తర్వాత పదిహేను మంది పరుగువాళ్ళతో పన్నెండు వారాలు చేయించాడు. పదిహేను మందీ మళ్ళీ పరుగుకొచ్చారు. ఆ అమ్మాయి ఇది చెప్పిన రోజే నాకు ధైర్యం వచ్చింది.

ఇక అక్క గురించి. ఈ రాతంతా ఆమె కోసమే.

మా ఇంట్లో మెట్లు లేవు. గ్రౌండు గేటు లోపల సిమెంటు మెట్టు ఒకటుంది. దాని పక్కనే ఆమె బండి. రెండు పెద్ద గిన్నెలు, ఒకదాంట్లో రాగిజావ, ఒకదాంట్లో కొర్రజావ. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి స్టీలు గ్లాసులో ఇస్తుంది. బుక్కరాయసముద్రం దిక్కు నుంచి తెల్లారకముందే మోపెడ్ మీద వచ్చేస్తుంది. నేను ఆమె దగ్గర అంతకుముందు జావ తాగింది కూడా లేదు.

రెండు మూడు రోజులు చూసి, ఒకరోజు గరిటె గిన్నెలో పెట్టేసి వచ్చింది.

"ఏం మా, రోజూ ఆ మెట్టు మింద ఎక్కేది దిగేది చేస్తుండావు?"

చెప్పాను.

"ఎన్ని చెయ్యమన్యారు?"

"పదిహేనక్కా. మూడు సార్లు. మోకాలు వంచి మళ్ళీ అన్ని."

"నొప్పి పుడుతుందా?"

"పుడుతుంది. పుట్టినా చెయ్యాలంట."

"అట్లయితే నువ్వు లెక్కపెట్టద్దు. నేను పెడతా. నువ్వు కాలు చూసుకో."

అంతే. ఆ రోజు నుంచి ఆమె లెక్కపెట్టింది. జావ పోస్తూ, చిల్లర ఇస్తూ, గ్లాసులు కడుగుతూ, "ఒగటి... రెండు... మూడు" అని గొంతెత్తి. ఎవరైనా ఇంకో గ్లాసు అడిగితే చేత్తో ఆగమని చెప్పి "పదకొండు" అనేది. చేసినవాళ్ళకు తెలుస్తుంది, నొప్పి పది దాటాకే పైకెక్కుతుంది. అక్కడ మనసు లెక్క వదిలేస్తుంది. ఆ చోట ఆమె గొంతు కొంచెం నెమ్మదయ్యేది. "పన్నెండు. నిదానం. పదమూడు. ఊపిరి బిగబట్టద్దు." పదిహేను అయ్యాక "కూచో మా" అని స్టూలు జరిపేది. ఆ స్టూలు ఆమెది. పొద్దుట్నుంచి నిలబడి పనిచేసే మనిషి, ఉన్న ఒక్క స్టూలూ నాకిచ్చింది.

నేనెవరని? ఆమెకు నా పేరు తెలియదు. టీచరని తెలిసింది కూడా చాలా రోజులకు. ఒకాయన జావ తాగుతూ, ఈ వయసులో ఆడమనిషికి పరుగులెందుకు అన్నాడు. నేను తల దించుకున్నా. అక్క ఊరుకోలేదు. "ఆమె పరిగెత్తేది ఆమె కాళ్ళతో గదన్నా. తాగి పో" అంది. స్వీడన్ డాక్టరు కథ చెబితే చానాసేపు ఆలోచించి, "ఆపరేషన్ చెయ్యను పో అన్యాడే, ఆ పెద్ద డాక్టరుకు దండం పెట్టల్ల" అంది.

బరువు పెంచే రోజులొచ్చినప్పుడు సంచిలో ఏం వేసుకోవాలో నాకు తోచలేదు. బండి కింద నుంచి రాగిపిండి పాకెట్లు తీసి నా సంచిలో పెట్టింది. అయిపోయాక తీసుకుని మళ్ళీ బండి కింద పెట్టుకుంది. వారం వారం ఒక పాకెట్టు ఎక్కువ. డబ్బులు ఇవ్వబోతే ఆమెకు కోపమొచ్చింది. "లెక్క పెట్టేదానికి దుడ్లేంది మా?" జావ తాగితే మాత్రం జావ డబ్బు తీసుకునేది, చిల్లరతో సహా సరిగ్గా ఇచ్చేది.

ఉగాది రోజు గ్రౌండు ఖాళీ. బండి ఉండదనుకునే వెళ్ళాను. ఆమె మెట్టు దగ్గర కూర్చుని ఉంది. బండి లేదు, గిన్నెలు లేవు. కొత్త చీర కట్టుకుని, తలంటుకుని వచ్చింది.

"జావ ఏదక్కా?"

"పండగ పూట జావ ఎవురు తాగుతారు? నీ లెక్క ఉంది గదా."

నాకోసం వచ్చింది. ఇంట్లో పండగ పెట్టుకుని, అంత దూరం, తొంభై అంకెలు చెప్పడానికి. ఆ రోజు మెట్టు మీద ఏడుస్తూ చేశాను. ఆమె ఏడవద్దని అనలేదు, లెక్క ఆపలేదు. అయ్యాక కాగితంలో చుట్టిన రెండు ఓళిగలు చేతిలో పెట్టి పోయింది. ఎముక పగిలినప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

పేరు పెట్టి రాస్తానంటే వద్దంది. అందుకే రాయడం లేదు. గేటు దగ్గరికి పోయేవాళ్ళు ఆమె దగ్గర జావ తాగండి. కొర్రజావ ఇంకా బాగుంటుంది.

ఇంట్లోవాళ్ళు చేసింది ఉండనే ఉంది. మా ఆయన వంట చేశారు, అత్తమ్మ పసుపు పట్టు వేసింది, సాయంత్రం పూట లెక్క మా చిన్నోడు పెట్టాడు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఇదే గ్రౌండులో పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలు పొద్దున్నే 1600 మీటర్లు పరిగెత్తుతుంటారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, హాస్టళ్ళలో ఉండి, తిని తినక. కొందరి కాళ్ళకు అరిగిపోయిన బూట్లు. పాదం నొప్పి, ముంగాలు నొప్పి అంటే వాళ్ళకు దొరికేది స్ప్రే, క్రేప్ బ్యాండేజీ. వేలకు వేలు ఫీజు కట్టించుకునే కోచింగువాళ్ళు, ఎముకకూ టెండన్‌కూ ఎంత సమయం కావాలో ఒక్కరోజు క్లాసు చెప్పలేరా? ఇది ఎవరికీ తెలియని విద్య కాదు. 2010లోనే హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం, పాదం ముందు భాగం మీద పడితే నేల నుంచి వచ్చే తొలి దెబ్బ తగ్గుతుందని చూపింది. గాయాలే రావని వాళ్ళు అనలేదు. 2013లో అమెరికాలోనే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీవాళ్ళు, పది వారాల్లో పలచటి బూట్లకు మారిన పరుగువాళ్ళ పాదాలకు ఎంఆర్ఐ తీస్తే సగానికి పైగా మందిలో ఎముక లోపల వాపు పెరిగి కనబడింది. మొదటి ముక్క అందరూ చెబుతారు. రెండోది ఫిజియో అమ్మాయి దాకా వెళ్ళాకే విన్నాను.

ఫిజియోకు నేను జీతంలోంచి కట్టుకున్నా. నా బీమాలో ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బు వస్తుంది, రోజూ నడిచిపోయి చేయించుకునే వైద్యానికి రాదు. టీచరుగా నేను కట్టుకోగలిగాను. ఆ పిల్లలు ఎట్లా కట్టుకుంటారు? సెలవుల్లో వాళ్ళల్లో నలుగురికి మడమలు దించే పద్ధతి నేర్పాను. అడిగితే ఎవరికైనా నేర్పుతా, కానీ పాదంలో ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి. ఎక్స్‌రే నార్మల్ అన్నా నొప్పి పోకపోతే మళ్ళీ అడగండి.

అయ్యో, చెప్పులు కుట్టే తాత! మడమ కింద పెట్టుకోవడానికి రబ్బరు ముక్క కోసిచ్చాడు, దాంతో మడమ కాస్త ఎత్తయి ఆ నరం మీద లాగుడు తగ్గింది. రెండో బూటుకు కూడా అంతే మందంలో పెట్టాలని ఆయనే గుర్తుచేశాడు. మా హెడ్మాస్టరు గారు కింది అంతస్తు తరగతులే ఇచ్చారు, కుర్చీ వేయించారు. నా ఆరో పీరియడ్ తీసుకున్న తెలుగు మేడమ్‌కు, ఎంఆర్ఐ దగ్గర గంటల తరబడి కూర్చున్నప్పుడు మంచినీళ్ళు తెచ్చిచ్చిన అబ్బాయికి కూడా.

రామ్‌నగర్ ఆటో అన్నను మర్చిపోయేదాన్ని. కాలు కింద పెట్టలేని రోజుల్లో బడి గేటు దాకా కాదు, తరగతి గుమ్మం దాకా తీసుకుపోయాడు, బాడుగ నెలాఖరుకు చూసుకుందాంలే మేడం అన్నాడు. అన్నా, పోయిన నెలది ఇంకా బాకీ ఉంది. రేపు సాయంత్రం ఇంటికి రండి, ఇచ్చేస్తా.