దాగి ఉన్న రెండో బ్యాటరీ మారింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

బండి బాగైంది. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. పైగా కొందరికి నేను ఎదురుగా చెప్పిన థ్యాంక్స్ ఏ మూలకీ సరిపోదు, నలుగురిలో చెప్పాల్సిందే. పేర్లు రాయడం లేదు. మా కింది ఫ్లాట్ బాబాయి గారు "నా పేరు మాత్రం వెయ్యకమ్మా, రేపట్నుంచి ప్రతివాడూ ఇన్వర్టర్ పట్టుకుని వస్తాడు" అన్నారు. ఆయన ఒక్కరి పేరూ వదిలేసి మిగతావి రాస్తే బాగుండదని ఎవరివీ రాయలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మాది జీప్ ర్యాంగ్లర్, పెట్రోల్ టర్బో, ఆటోమేటిక్. మా వారు మర్చంట్ నేవీలో ఉన్నారు కాబట్టి ఆయన ఓడ మీద ఉన్నన్ని నెలలూ బండి నాదే. ఎక్కువగా వైజాగ్ ఎంవీపీ కాలనీలోనే తిరుగుతుంది: పిల్లల స్కూలు, రైతు బజారు, అమ్మావాళ్ల ఇల్లు. చలికాలంలో మాత్రం ఏజెన్సీ వైపు తీసుకెళ్తాం. ఈసారి పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూసి కిందికి దిగి, పిల్లల్ని ఎక్కించి బటన్ నొక్కితే సెల్ఫ్ తీసుకోలేదు. డాష్‌బోర్డులో లైట్లన్నీ ఒక్కసారి మిణుకుమిణుకుమని ఆరిపోయాయి.

వెంటనే నలుగురు కుర్రాళ్లు తోస్తామని వచ్చారు. వాళ్లక్కూడా థ్యాంక్స్, మనసు మంచిదే. కానీ ఆటోమేటిక్ గేర్ బండిని తోసి స్టార్ట్ చేయలేం, ఎంత తోసినా చక్రాల కదలిక ఇంజిన్‌కి అందదు. ఆ సంగతి వాళ్లకి చెప్పింది అక్కడే కమాండర్ జీపులో జనాన్ని దించుతున్న డ్రైవరన్న. "తొయ్యకండి రా, ఇది తోస్తే అవదు" అని వాళ్లని పక్కకి పంపి, సీటు కింద నుంచి జంపర్ కేబుల్ తీశాడు. ముందు ప్లస్‌కి ప్లస్ కలిపాడు. మైనస్ కేబుల్ రెండో కొసని నా బ్యాటరీ మీద పెట్టకుండా ఇంజిన్ దగ్గరి ఇనుముకి తగిలించాడు. చివరి కనెక్షన్‌లో నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీ మీద రాకూడదని ఆ అన్నకి ఎవరు నేర్పారో. తన ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి "పిల్లలకి టిఫిన్ పెట్టండమ్మా, కాసేపు ఛార్జ్ ఎక్కనివ్వండి" అన్నాడు. అలా ఉంచాకే బండి అందుకుంది. డబ్బులివ్వబోతే "దీనికి డబ్బులేటమ్మా" అని పాసింజర్లని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు పాడేరు ఘాటీ దిగి, చోడవరం మీదుగా ఇంటికొచ్చేదాకా ఇంజిన్ ఆపలేదు.

సిటీలో ఒక షాపులో పెద్ద బ్యాటరీ మార్చారు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత మళ్లీ "స్టాప్-స్టార్ట్ నాట్ రెడీ, బ్యాటరీ ఛార్జింగ్" అని మెసేజ్ రావడం మొదలైంది, అంటే సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ అందుకునే ఏర్పాటు పనిచేయడం లేదని. ఒక ఉదయం కొత్త బ్యాటరీతోనే బండి మొరాయించింది. నాకు టెన్షన్ మొదలైంది. కొత్తది పెట్టాక కూడా ఇలా ఉందంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయి ఉంటుందని ఒకరు, వైరింగ్ మొత్తం చూడాలని ఇంకొకరు. ప్రతి సలహా వెనకా ఓ పెద్ద బిల్లు కనిపించేది.

బాబాయి గారు రంగంలోకి దిగింది అప్పుడే. నేవల్ డాక్‌యార్డ్‌లో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యారు. పార్కింగ్‌లో బోనెట్ ఎత్తి ఉండటం చూసి, చేతిలో పేపరుతోనే వచ్చి నిలబడ్డారు. మైనస్ టెర్మినల్ దగ్గర రెండు నల్ల కేబుళ్లు ఉండటం ఆయన కంటపడింది. "ఒక బ్యాటరీకి రెండు మైనస్‌లెందుకమ్మా? రెండోది ఎటు పోతోంది?" అన్నారు. ఈ కేసులో అసలు ప్రశ్న అదే. అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ రెండో కేబుల్ ఫ్యూజ్ బాక్స్ కిందికి పోతుంది. అక్కడ ఇంకో చిన్న బ్యాటరీ ఉంది, సైజులో బైక్ బ్యాటరీ అంతే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగినప్పుడు లైట్లూ ఫ్యానూ ఆగకుండా నడిపించేది అదే. మిగతా సమయంలో రెండు బ్యాటరీలూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. అందువల్ల చిన్నది పాడైతే పెద్దదాని ఛార్జ్ కూడా లాగేస్తూ ఉంటుంది. పెద్దది కొత్తదైనా, పాతదైనా.

బాబాయి గారు చేసిన పరీక్ష వివరంగా రాస్తున్నాను, ఇలాంటి బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది. రెండూ కలిసి ఉండగా వోల్టులు కొలిచే మీటర్ పెడితే వచ్చేది ఉమ్మడి లెక్క, ఎవరి వాటా ఎంతో తెలియదు. అందుకని ఆయన ఆ రెండో నల్ల కేబుల్‌ని విప్పి పక్కకి పెట్టారు. దాని కొసకి గుడ్డ చుట్టారు. తర్వాత పెద్ద బ్యాటరీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య చూస్తే 12.7 వోల్టులు, భేషుగ్గా ఉంది. అదే ప్లస్‌కీ, విప్పిన కేబుల్ కొసకీ మధ్య చూస్తే 10.6. "అదిగో, ఒక సెల్ పోయింది" అన్నారు వెంటనే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కో సెల్‌కి సుమారు 2.1 వోల్టులు. ఒకటి చచ్చిపోతే మిగిలేది పదిన్నరే. ఆ బ్యాటరీని ఎంత ఛార్జ్ చేసినా పైకి లేవదు.

ఇంత ఇరుకులో బ్యాటరీ పెట్టడమేంటని నేను విసుక్కుంటే ఆయన నవ్వి, ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర గురించి చెప్పారు. 1969లో నేవీలోకి వచ్చి 2001లో రిటైరైన ఆ జలాంతర్గామి పైకి వచ్చినప్పుడు డీజిల్‌తో, నీళ్లలో మునిగాక బ్యాటరీలతో నడిచేదట. ఇప్పుడు మనం టికెట్ కొనుక్కుని నడిచే నేల కిందే ఆ బ్యాటరీలు ఉండేవట. "అక్కడ వంగి పనిచేసిన వాళ్లని అడుగు, నీ జీపు పెద్ద హాలులా ఉందంటారు" అన్నారు. పిల్లలు అప్పట్నుంచీ కురుసురకి మళ్లీ తీసుకెళ్లమని ప్రాణం తీస్తున్నారు, అది వేరే కథ.

బ్యాటరీ దొరకడం ఇంకో తలనొప్పి. ఆ సైజు వైజాగ్‌లో అప్పటికప్పుడు దొరకలేదు. ఒకచోట మామూలు బైక్ బ్యాటరీ చూపించి "ఇదే పట్టేస్తుంది మేడమ్" అన్నారు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపాయన మాత్రం, అది అమ్మితే తనకి లాభమే అయినా, వద్దన్నారు. ఇక్కడ కావాల్సింది ఏజీఎం రకం. అందులో యాసిడ్ విడిగా ద్రవంలా ఉండదు, ప్లేట్ల మధ్య పెట్టిన గాజు పీచు పొరల్లో ఇంకి ఉంటుంది. అటూ ఇటూ ఊగినా ఒలకదు, మాటిమాటికీ వాడుకుని మళ్లీ నింపుకోవడం తట్టుకుంటుంది. ఆయనే హైదరాబాద్ మాట్లాడి తెప్పించి, వచ్చాక నా కళ్ల ముందే మీటర్ పెట్టి చూపించి ఇచ్చారు. పాతది వెనక్కి తీసుకుని బిల్లులో కొంత తగ్గించారు. సీసం ఉన్న సరుకు కదా, చెత్తబండిలో వేయకూడదు. షాపుకి తిరిగి ఇవ్వడమే పద్ధతి.

ఇక ఆటోనగర్ అన్నయ్య. గాజువాక దాకా ఎందుకని చాలామంది అన్నారు, కానీ ఈయన దగ్గరికి పంపింది బాబాయి గారే. ఈ బ్యాటరీని చేరడానికి రెండు దారులున్నాయి. పైనుంచి వస్తే పెద్ద బ్యాటరీ, దాని ట్రే, ఫ్యూజ్ బాక్స్, దాని వైర్ల గుత్తులు అన్నీ కదపాలి. కిందినుంచి వస్తే ముందు చక్రం విప్పి, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ కవర్ తీసి, చెయ్యి పైకి పెట్టాలి. అన్నయ్య బండి చుట్టూ ఓసారి తిరిగి, కిందినుంచే వెళ్దామన్నారు. "ఫ్యూజ్ బాక్స్ కనెక్టర్లు ఎండకి గట్టిపడి ఉంటాయి చెల్లెమ్మా. ఒకటి విరిగిందంటే మీకు కొత్త సమస్య నేనే ఇచ్చినట్టు. చక్రం విప్పడం ఏముంది, రోజూ చేసేదే." నాకు ఆ మాట చాలా నచ్చింది. తన శ్రమ పెరిగే దారిని ఎంచుకుని, నా వైరింగ్‌ని కాపాడిన మనిషి.

మొదట రెండు మైనస్‌లూ విప్పారు. పెద్ద బ్యాటరీ ఒక్కటీ విప్పితే బండిలో కరెంటు పోదు, చిన్నది ఇంకా ఇస్తూనే ఉంటుంది. ఇది తెలియక పానా ఇనుముకి తగిలిస్తే నిప్పులు లేస్తాయి. అయినా జాగ్రత్తగా పానాకి, పట్టుకునే కొస తప్ప, ఇన్సులేషన్ టేపు చుట్టారు. జాకీ ఎత్తాక ఊరుకోకుండా కింద స్టాండు పెట్టారు. కవర్ ఊడదీయగానే వంజంగి ఎర్రమట్టి తట్టెడు కింద రాలింది. హెల్పర్ కుర్రాడు "మేడమ్, కొండ కూడా తెచ్చేసారేటి" అన్నాడు.

బోల్టు ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. సముద్రం పక్కన ఉండే ఊళ్లో ఇది మామూలే. అన్నయ్య బలం పెట్టలేదు. తుప్పు వదిలే నూనె కొట్టి, అందరికీ టీ చెప్పి, మధ్యలో వేరే బండి పని చూసుకుని మళ్లీ వచ్చారు. రెండో ప్రయత్నంలో వదిలింది. అంతా వదిలాక పాత బ్యాటరీ బయటికి లాగడానికి ఆయన చెయ్యి పట్టలేదు, హెల్పర్ కుర్రాడి సన్నని చెయ్యే పట్టింది. వాడు తల ఒకవైపు తిప్పి, కళ్లు మూసుకుని, చేత్తోనే చూస్తున్నట్టు తడుముతూ తీశాడు. ఆ కుర్రాడికి ప్రత్యేకంగా థ్యాంక్స్. చదువు మానకుండా సాయంత్రం పూట మాత్రమే షెడ్డుకొస్తాడట.

విరిగిన ప్లాస్టిక్ క్లిప్పులకి కొత్తవి వేసి, మట్టి కడిగి మరీ ఇచ్చారు. బిల్లు చూసి నేనే రెండోసారి అడిగాను, ఏదో మర్చిపోయారేమోనని. మర్చిపోలేదట.

బ్యాటరీ పెట్టగానే అన్నీ సర్దుకోవు. గడియారం టైమ్ పోయింది. మళ్లీ సెట్ చేసుకోవాల్సి వచ్చింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం వెంటనే మొదలవలేదు కూడా. బ్యాటరీ మైనస్ మీద ఉండే సెన్సర్ కొత్త బ్యాటరీల తీరు నేర్చుకోవడానికి టైమ్ పడుతుందని అన్నయ్య ముందే చెప్పారు, కాబట్టి గాభరా పడలేదు. భీమిలి దాకా లాంగ్ డ్రైవ్‌లు వేశాక ఒక రాత్రి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇంజిన్ చప్పుడు లేకుండా ఆగి, బ్రేకు వదలగానే అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా వారికి వాయిస్ మెసేజ్ పెడితే, ఓడ ఏదో పోర్టు చేరాక విని, ముందుగా బాబాయి గారికి ఫోన్ చేశారు, తర్వాత నాకు. ఏం చేస్తాం.

ఇలాంటి రెండు బ్యాటరీల బండి ఉండి, మన ఊరి ఎండలో, దగ్గర దగ్గర తిరుగుళ్లకే వాడేవాళ్లు ఒక్కటి చూసుకోండి. వేడి ఎక్కువైన కొద్దీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, అందులోనూ ఇంజిన్ పక్కన ఇరుకులో ఉన్నది ఇంకా త్వరగా అయిపోతుంది. రెండు కిలోమీటర్ల తిరుగుళ్లకి ఛార్జ్ పూర్తిగా నిండదు, సగం ఛార్జ్‌లో ఉండిపోయే కొద్దీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. బండి మొరాయిస్తే పెద్దది కొనేముందు రెండింటినీ విడదీసి కొలిపించండి. వైరు వేసి చిన్నదాన్ని పక్కన పెట్టేసే చిట్కా కూడా కొందరు చెబుతారు. అడవిలో ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి సరే, దాన్నే వైద్యం అనుకోకూడదని బాబాయి గారి అభిప్రాయం, ఇప్పుడు నాది కూడా.

మీటర్ ఒకటి నేనూ కొన్నాను, పొడుగు ఎక్స్‌టెన్షన్ ఉన్న సాకెట్ సెట్టు కూడా ఉంది. ఎంవీపీ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, తిరిగి ఇస్తే చాలు. బాబాయి గారి దగ్గరికి మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లకండి, పడుకుంటారు. పిన్నిగారు తలుపు తీయరు.