కుట్టు నాణ్యత లేబుల్ మీద చెప్పాలి: జౌళి శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జౌళి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

సోషల్ మీడియాలో పేరు తెచ్చుకున్న ఫ్యాషన్ బ్రాండ్లు చాలావరకు తమ బట్టలకు 'కుట్యూర్' (మనిషి కొలతలకు ప్రత్యేకంగా కుట్టే ఖరీదైన ఫ్యాషన్ బట్ట) అనీ, 'చేతిపని' అనీ ఇష్టమొచ్చినట్టు పేర్లు తగిలిస్తున్నాయి. ఆ పేర్లు వాడాలంటే పని కూడా ఆ స్థాయిలో ఉండాలని నిబంధన తేవాలంటూ కటింగ్, కుట్టు, ఎంబ్రాయిడరీ పనిలో ఉన్న మేము ఈ లేఖ రాస్తున్నాం. ఫ్రాన్స్‌లో 'ఓత్ కుట్యూర్' అనే పేరుకు 1945 నుంచే చట్టరక్షణ ఉంది. సొంత వర్క్‌షాపు, అందులో పూర్తికాలం పనివాళ్లు, మనిషి ఒంటి కొలతలకు ట్రయల్ వేసి కుట్టడం ఉంటేనే అక్కడ ఆ పేరు పెట్టుకోనిస్తారు.

తేడా ఎక్కడుందో ఒక కోటులో చూపిస్తాం. కోటు ముందు భాగం నిలబడేది లోపలి కాన్వాస్ వల్ల, అంటే పై గుడ్డకూ లోపలి గుడ్డకూ మధ్య ఉండే గట్టి పొర వల్ల. మంచి పనిలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్‌ను కాలరు మడత దగ్గర వందల కొద్దీ చిన్న ఏటవాలు కుట్లతో పట్టిస్తారు. కుట్టేటప్పుడు గుడ్డను వేలి మీద వంచి పట్టుకుంటారు కాబట్టి ఆ మడత ఎప్పటికీ అదే వంపులో ఉంటుంది. సూది పై గుడ్డలో ఒకటి రెండు పోగుల్నే అందుకోవాలి, ఎక్కువ పడితే బయటికి గుంటలు కనిపిస్తాయి. తొందర పనిలో ఇదంతా ఉండదు. జిగురు పూసిన బక్రం అనే బిరుసు గుడ్డను వేడి ప్రెస్సులో అతికించేస్తారు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. కొన్నిసార్లు డ్రైక్లీనింగ్‌కు వెళ్లొచ్చాక జిగురు వదిలి ఛాతీ మీద బుడగలు లేస్తాయి, వాటిని సరిచేయడం దాదాపు అసాధ్యం. అతికించడమే తప్పని మేము అనం. వేడి, ఒత్తిడి, సమయం మూడూ కుదిరితే అది కూడా ఏళ్లు నిలుస్తుంది. కానీ డబ్బు పెట్టేవాళ్లకు తాము ఏది కొంటున్నారో తెలియాలి.

గుడ్డ ఆదా కోసం ప్యాటర్న్ ముక్కల్ని పడుగు దారానికి కాస్త పక్కకు తిప్పి పరచడం మరో అలవాటు. నాలుగు ఉతుకులయ్యాక ప్యాంటు పక్క కుట్టు మెలితిరిగి ముందుకొస్తుంది. కుట్టు లోపల రెండున్నర సెంటీమీటర్ల మార్జిన్ ఉంటే ఒళ్లు చేసినా విప్పి లూజు చేసుకోవచ్చు. సెంటీమీటరులోపే కోసి, అంచు పోగులు ఊడకుండా మిషన్ మీద ఓవర్‌లాక్ కుట్టు కొట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

క్రాస్ కటింగ్‌తో, అంటే గుడ్డను దారానికి ఏటవాలుగా కోసి, ఫ్రెంచ్ డిజైనర్ మదలేన్ వియొన్నే 1920ల్లో, 30ల్లో కుట్టిన గౌన్లను డిజైన్ చదివేవాళ్లు ఇప్పటికీ పరిశీలిస్తున్నారు. క్రాస్ గౌను అంచు మడిచే ముందు కనీసం ఒక రోజు వేలాడదీయాలి. దాని బరువుకి గుడ్డ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ జారుతుంది. అది ఆగాకే నేల నుంచి కొలిచి అంచు కోయాలి. వారం వారం కొత్త డిజైన్లు దించే చోట ఆ ఒక్కరోజు ఎవరూ ఇవ్వరు, అందుకే కొన్న నెలకే అంచు ఎగుడుదిగుడవుతుంది. ఎంబ్రాయిడరీదీ అదే కథ. మగ్గం మీద కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టుకు చివర్లో ముడి గట్టిగా పడకపోతే, ఒక్క పోగు లాగినా వరసంతా ఊడి పూసలు రాలిపోతాయి.

కాబట్టి లోపలి కాన్వాస్ కుట్టిందా అతికించిందా, మార్జిన్ ఎంత, ఎంబ్రాయిడరీ చేతిదా మిషన్‌దా అనేవి లేబుల్ మీద తప్పనిసరి చేయండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు బట్ట లోపలి వైపు ఫొటో కూడా పెట్టాలి. మోడల్ వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించి తీసిన ఫొటో అయితే ఆ మాట అక్కడే రాయాలి.

తనిఖీకి ల్యాబు అక్కర్లేదు. మార్జిన్‌కు స్కేలు చాలు. కోటు కింది బొత్తాం దగ్గర పై గుడ్డను ఒక చేత్తో, లోపలి గుడ్డను ఇంకో చేత్తో పట్టుకుని విడదీస్తే, మధ్యలో మూడో పొర విడిగా వేళ్లకు తగిలితే అది కుట్టిన కాన్వాస్. తగలకపోతే కనీసం ఆ భాగం అతికించింది. ఈ పరీక్షను మీ తనిఖీ అధికారులకు నేర్పడానికి మేము సిద్ధం. ముసాయిదా రాసేటప్పుడు డిజైనర్లతో పాటు కటింగ్ మాస్టర్లనూ, మగ్గం పనివాళ్లనూ పిలవండి.

ఇట్లు,
కటింగ్, కుట్టు, ఎంబ్రాయిడరీ పనివారు