‘కంప్యూటర్ ఆఫ్‌లైన్‌లో ఉంది’ అన్న సందేశం గురించి, డీఎంజెడ్ సలహా గురించి

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: బయటి నుంచి ఇంటి కంప్యూటర్‌లోని ఫైళ్లు తెరిచే మీ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, మీ సిబ్బంది ఇస్తున్న ప్రమాదకరమైన సలహా.

ఆర్యా,

కనెక్షన్ కుదరనప్పుడల్లా మీ యాప్ ఒకటే మాట చెబుతుంది: ‘మీ కంప్యూటర్ ఆఫ్‌లైన్‌లో ఉంది’. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లినా అదే, రౌటర్ అడ్డుకున్నా అదే, ఇంటర్నెట్ కంపెనీ పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఇవ్వకపోయినా అదే. కారణం మారితే చెయ్యాల్సిన పనీ మారుతుంది. కారణం తెలియని మనిషి గంటల తరబడి సంబంధం లేని సెట్టింగులు మారుస్తూ కూర్చుంటాడు.

ఆ గంటల్లో ఎక్కువ భాగం పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్ ఇంట్లోని కంప్యూటర్‌కు చేరేలా రౌటర్‌లో దారి, అంటే పోర్ట్, తెరవడం) దగ్గరే పోతాయి. మీ గైడ్ నేరుగా రౌటర్‌లో పోర్ట్ తెరవమంటుంది. అంతకంటే ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న అడ్రస్) ఏముందో చూడమని చెప్పాలి కదా! అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు కలిపి ఇస్తోందని అర్థం. సీజీనాట్ అనే ఈ పద్ధతి కోసమే ఆ అడ్రస్‌లను 2012లో కేటాయించారు. అప్పుడు ఇంటి రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి కనెక్షన్ ఆ రౌటర్ గడప దాకా కూడా రాదు. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే, ముందున్న మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు రెండు చోట్లా పోర్ట్ తెరవాలి, లేదా మోడెమ్ రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రమే దాటించేలా దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి. రౌటర్ చెప్పే అడ్రస్‌నూ మీ సర్వర్‌కు కనిపించే అడ్రస్‌నూ పోల్చి చూస్తే ఈ తేడా మీ ప్రోగ్రామే పట్టుకోగలదు.

ఇక మీ సహాయక సిబ్బంది చెప్పేది మరీ దారుణం. పోర్ట్ పని చెయ్యకపోతే కంప్యూటర్‌ను రౌటర్‌లోని డీఎంజెడ్‌లో పెట్టమంటున్నారు, కొందరికి 445 పోర్ట్ తెరవమని కూడా రాశారు. డీఎంజెడ్‌లో పెడితే బయటి నుంచి రౌటర్‌కు వచ్చే దాదాపు ప్రతి కనెక్షన్ ఆ కంప్యూటర్‌కే చేరుతుంది. 445 విండోస్ ఫైల్ షేరింగ్ వాడే పోర్ట్. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ దానిమీదుగానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది. ఆ పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు తెరవడానికి ఏ కారణమూ సరిపోదు. పోర్టులు తెరవడం కుదరని ఇళ్లకు దారి లేకపోలేదు. ఇంటి కంప్యూటరే బయటికి కనెక్షన్ మొదలుపెట్టాలి, వైర్‌గార్డ్ లాంటి సొరంగంలో (డేటాను ఇతరులకు కనబడకుండా పంపే కనెక్షన్‌లో) రెండువైపులా తాళంచెవులు (కీలు) సరిచూసుకోవాలి, 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపుతూ ఉంటే రౌటర్ ఆ దారిని మూసెయ్యదు. ఇల్లు సీజీనాట్ వెనక ఉన్నా, మధ్యలో పబ్లిక్ అడ్రస్ ఉన్న సర్వర్ ఒకటి ఉంటే చాలు. అలాంటి సర్వర్లు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

ఇంకొకటి, తేలిగ్గా సరిచెయ్యగలిగినది. విండోస్‌లో మీ ప్రోగ్రామ్ సర్వీసుగా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనక నడిచే ప్రోగ్రామ్‌గా) కాక, యూజర్ లాగిన్ అయ్యాక మొదలయ్యే మామూలు యాప్‌గా నడుస్తోంది. రాత్రిపూట అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే లాగిన్ తెర దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, ఇంటర్నెట్ ఉంటుంది, మీ ప్రోగ్రామ్ మాత్రం ఉండదు. ఊరు దాటి వెళ్లిన మనిషికి ఇంట్లో ఎవరూ లేకపోతే, తిరిగి వచ్చేదాకా ఆ ఫైళ్లు అందవు. దాన్ని సర్వీసుగా మార్చండి.

నేరుగా కుదరనప్పుడు మీ యాప్ రిలే సర్వర్ (మధ్యలో ఉండి డేటాను అటూ ఇటూ అందించే మీ సర్వర్) గుండా వెళుతుంది, ఆ సంగతి మాత్రం తెర మీద ఎక్కడా చూపదు. వేగం పడిపోతే తప్పు ఇంటి కనెక్షన్‌దో, మీ రిలేదో తేలదు. బయటి నుంచి ఫైలు తెచ్చుకుంటే ఇంటి వైపు ఖర్చయ్యేది అప్‌లోడ్ వేగం. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే సెకనుకు 2.5 మెగాబైట్లు, అంటే 4 గిగాబైట్ల వీడియోకు దాదాపు 27 నిమిషాలు. ఇలాంటి ఫైలు 25వ నిమిషంలో తెగిపోతే మీ యాప్ మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అంతకన్నా ఘోరం, బయటి నుంచి ఇంటికి ఫైలు ఎక్కిస్తున్నప్పుడు కనెక్షన్ తెగితే సగం ఫైలు పాత ఫైలు మీద కూర్చుంటుంది. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చితే పాతది చెడిపోదు. జనం తమ లెక్కల పుస్తకాలు, పిల్లల ఫోటోలు మీ చేతుల్లో పెట్టారు. ఇది చిన్న లోపమని మేము ఒప్పుకోము.

కాబట్టి మేము కోరేది ఇది. డీఎంజెడ్, 445 సలహాలను గైడ్ నుంచీ సిబ్బంది జవాబుల నుంచీ వెంటనే తీసెయ్యండి, ఇప్పటికే అలా చేసినవారికి వాటిని వెనక్కి తిప్పమని ఈమెయిల్ పంపండి. సగం ఫైలు పాతదాన్ని తుడిచేసే లోపాన్ని ఆ తర్వాతి పనిగా చేపట్టండి. కారణాన్ని విడివిడిగా చెప్పే సందేశాలు, ‘నేరుగా’ లేదా ‘రిలే ద్వారా’ అని చూపే గుర్తు తర్వాతి వెర్షన్‌లో రావాలి. ఏది ఏ తేదీకి చేస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. చెయ్యలేకపోతే, వాడని నెలల చందా తిరిగి ఇవ్వండి.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్‌కు చందా కడుతున్న వినియోగదారులు