మార్చే ముందు లూపు చూడండి

సంపాదకులకు నమస్కారం.

రీడింగు తేడా రాగానే ట్రాన్స్‌మిటర్‌ను మార్చేసే అలవాటు మన కర్మాగారాల్లో పాతుకుపోయింది. ట్రాన్స్‌మిటర్ అంటే కొలతను 4 (కనిష్ఠం) నుంచి 20 (గరిష్ఠం) మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపే పరికరం; ఆ కరెంటు సప్లై, తీగలు, రెసిస్టరు గుండా తిరిగే వలయమే లూపు. మేము పనిచేసే చోట ఒక ట్యాంకు మట్టం, కింది మట్టాల్లో సరిగ్గానే చూపుతూ, 17 మిల్లీఆంపియర్లు దాటి పైకి కదిలేది కాదు. రెండు ట్రాన్స్‌మిటర్లు మార్చాక జంక్షన్ బాక్సు విప్పితే, టెర్మినల్ స్క్రూ పచ్చగా చిలుము పట్టి కనిపించింది. 24 వోల్టుల సప్లైలో, కరెంటును వోల్టేజిగా చదవడానికి పెట్టే 250 ఓముల రెసిస్టరే 20 మిల్లీఆంపియర్ల వద్ద 5 వోల్టులు తీసుకుంటుంది. పొడవాటి కేబులు, చిలుము మరికొంత మింగితే ట్రాన్స్‌మిటర్‌కు కావలసిన కనీస వోల్టేజి మిగలదు. తీగ పూర్తిగా తెగితే కరెంటు 4 కంటే కిందకు, సున్నాకు పడి ఇట్టే తెలుస్తుంది, ఇలాంటి సగం జబ్బే ఏమారుస్తుంది. పాలిటెక్నిక్ ప్రయోగశాలల్లో ఈ వోల్టేజి లెక్కను మల్టీమీటరుతో చేయించాలని అధికారులకు మనవి.

— ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్, విశాఖపట్నం