రాకస్ వెనక ఎవరి డబ్బు ఉందో కూడా రాయాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మన కుర్రాళ్ల తెలుగు ర్యాప్ గురించి మీ పేపర్లో వచ్చిన ఐటం చదివా, బాగుంది, మా మేనల్లుడికి ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపా. కానీ అందులో ఒకచోట, న్యూయార్క్‌లో రాకస్ రికార్డ్స్ అని ర్యాప్ రికార్డులు వేసే కంపెనీ (లేబుల్ అంటారు) ఉండేది, వాళ్లలాగా ఎవరి డబ్బూ ముట్టుకోకుండా సొంతంగా నిలబడే లేబుల్ మనకీ రావాలి, పాపం అమ్మకాల్లేక మూతపడింది అన్నట్టు రాశారు చూడండి, అక్కడ ఆగిపోయా. రాకస్ ఎవరి డబ్బూ ముట్టుకోకపోవడమేంటండీ బాబూ. ఆ డబ్బు మీ లైన్లో ఉన్న పెద్దాయన కొడుకుదే!

1995లో బ్రయన్ బ్రేటర్, జారెట్ మయర్ అని ఇద్దరు స్నేహితులు పెట్టారు దాన్ని. పెట్టుబడి జేమ్స్ మర్డాక్‌ది, అంటే సగం ప్రపంచం పేపర్లు నడిపిన రూపర్ట్ మర్డాక్ గారి చిన్నబ్బాయి, హార్వర్డ్ మధ్యలో వదిలేసొచ్చి ఈ పనిలో దిగాడు, తర్వాత లేబుల్ కూడా వాళ్ల నాన్న న్యూస్ కార్ప్ చేతిలోకే వెళ్లింది. ఇదే జేమ్స్ 2000లో హాంకాంగ్ వెళ్లి స్టార్ టీవీ చూసుకున్నాడు, అమితాబ్ కోటి రూపాయల ప్రోగ్రాం మొదలైన ఏడాదే. మన మా టీవీని 2015లో కొన్నది కూడా ఆ స్టారే. అంటే మనింట్లో సీరియళ్లకీ బ్రూక్లిన్ ర్యాప్‌కీ ఏదో దూరపు చుట్టరికం ఉందన్నమాట, ఈ మాట మా ఆవిడకి చెప్తే నమ్మలేదు.

నాకెలా తెలుసంటారేమో, నేను ర్యాపర్ని కాదు, వైటూకే బ్యాచ్‌వాణ్ణి, అదే, 2000 వచ్చేలోపు కంప్యూటర్లలో తేదీలు సరిచెయ్యడానికి వెళ్లినవాణ్ణి. గుంటూరు నుంచి వెళ్లి 1999లో న్యూయార్క్‌కి నది అవతల జెర్సీ సిటీలో నలుగురం ఒక ఫ్లాట్‌లో పప్పుచారు కాచుకుంటూ బతికాం. ఆఫీసులో నా పక్క సీటు బ్రూక్లిన్ కుర్రాడు, పాత కోబోల్ కోడ్‌లో తేదీలు సరిచేస్తూ రోజంతా హెడ్‌ఫోన్స్‌లో ఏదో వింటుండేవాడు, ఒక శనివారం నన్నూ తీసుకెళ్లాడు. జెర్సీ నుంచి న్యూయార్క్ వెళ్లే పాత్ ట్రైన్ ఎక్కి నైన్త్ స్ట్రీట్‌లో దిగి పైకొస్తే సిక్స్త్ అవెన్యూ, అక్కడే మెట్లెక్కితే ఫ్యాట్ బీట్స్ అని రికార్డుల షాపు. ప్రతివాడూ ఒక్కో రికార్డు రెండేసి కాపీలు కొంటున్నాడు, ఇదేం పిచ్చిరా అనుకున్నా, డీజేకి రెండు టర్న్‌టేబుల్స్ (రికార్డు తిప్పేవి) ఉంటాయి, ఒకదాని మీద బీట్ అయిపోగానే రెండోదాని మీద అదే ముక్క అందుకోవాలి, అందుకని రెండు అని మావాడు చెప్పాడు. పన్నెండంగుళాల సింగిల్, ఒకవైపు పాట, ఇంకోవైపు ఉత్త మ్యూజిక్కు, ఒక్కోసారి ఉత్త గొంతు. టీవీ యాడ్ లేదు, వీడియో లేదు, డీజేల చేతులమీదుగానే పేరొచ్చేది. రాకస్ పైకొచ్చింది ఇలాగే. వాళ్ల గుర్తు రేజర్ బ్లేడు, మన సెలూన్లో ఉంటుందే అదే. నాకు రికార్డు ప్లేయర్ లేకపోయినా ఆ బ్లేడు చూసి ఒక రికార్డు కొన్నా, ఇప్పటికీ ఉంది, ఒక్కసారి కూడా మోగలేదు.

పాటల విషయంలో వాళ్లని ఒక్క మాట అనను. 1997లో కంపెనీ ఫ్లో అనే ర్యాప్ గ్రూపు వాళ్ల ఆల్బమ్ ఫన్‌క్రషర్ ప్లస్, 1998లో మోస్ డెఫ్, టాలిబ్ క్వెలి అని ఇద్దరు ర్యాపర్లు కలిసి చేసిన బ్లాక్ స్టార్ (అది ఔట్‌కాస్ట్, జే-జీ, ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ఆల్బమ్స్‌తో పాటు ఒకే రోజు సెప్టెంబర్ 29న వచ్చింది, సంక్రాంతికి నాలుగు పెద్ద సినిమాలు పడ్డట్టు), 1999లో మోస్ డెఫ్ సోలో, అది అమెరికాలో గోల్డ్ కొట్టింది, అంటే 5 లక్షల కాపీల లెక్క. ఇంత చిన్న ఆఫీసుకి అది మామూలు విషయం కాదు. మర్డాక్ డబ్బు లేకపోతే ఇందులో సగం వచ్చేవి కావేమో, అది కూడా ఒప్పుకోవాలి. అమ్మకాల్లేక పోయింది అనడం మాత్రం తప్పు, అసలు గొడవ అమ్మకాలు వచ్చాకే మొదలైంది.

గోల్డ్ వచ్చాక ప్రతిదీ గోల్డ్ కావాలనిపిస్తుంది కదా. డీజేలకి రెండేసి కాపీలు అమ్ముకునే లేబుల్ రేడియో హిట్లు కావాలంది, ఖర్చు పెరిగింది. రాకస్‌లోనే ఉన్న ర్యాపర్ ఫారో మాంచ్ పాట సైమన్ సేస్ క్లబ్బుల్లో దుమ్ము లేపింది గానీ అందులో గాడ్జిల్లా సినిమా మ్యూజిక్కు అడక్కుండా వాడారని కేసు పడి ఆల్బమే షాపుల్లోంచి పోయింది. కూల్ జీ ర్యాప్ అని పేరున్న ర్యాపర్, అంతటివాడి ఆల్బమ్ అక్కడే నానీ నానీ చివరికి 2002లో ఇంకో కంపెనీలో వచ్చింది. అదే ఏడాది రాకస్ ఎంసీఏ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీతో చెయ్యి కలిపింది, క్వెలి ఆల్బమ్ వచ్చింది, అందులో కాన్యే వెస్ట్ కొట్టిన గెట్ బై బాగా ఆడింది కూడా, హమ్మయ్య అనుకునేలోపు 2003లో ఎంసీఏనే గెఫెన్ అనే ఇంకో కంపెనీలో కలిపేశారు. పిల్లని అత్తారింటికి పంపితే ఆ అత్తారిల్లే ఇంకో ఇంట్లో కలిసిపోయినట్టు! 2004కల్లా రాకస్ పని అయిపోయింది, తర్వాత బ్రేటర్, మయర్ ఇద్దరూ మళ్లీ తెరిచారు గానీ ఆ ఊపు రాలేదు.

ఇక్కడ ఒక్కడు మాత్రం తెలివిగా ఉన్నాడు, కంపెనీ ఫ్లో గ్రూపులోని ర్యాపర్ ఎల్-పి. వాళ్లు రాకస్‌తో మొదట్లోనే లాభం సగం సగం, మాస్టర్లు (అంటే అసలు రికార్డింగులు) మావే అని రాయించుకున్నారు. తర్వాత రాకస్‌తో పడక బయటికొచ్చి డెఫినిటివ్ జక్స్ అని తన లేబుల్ పెట్టుకున్నాడు, అదీ 2010లో ఆగిపోయింది లెండి, సీడీల కాలం పోయింది, అతని ఆత్మీయుడు, ర్యాపర్ కామూ టావో 30 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. కానీ ఆపేముందు 2009లో ఫన్‌క్రషర్ ప్లస్‌ని తన లేబుల్ మీదే మళ్లీ వేసుకోగలిగాడు. ఫారో మాంచ్ ఆల్బమ్ మళ్లీ బయటికి రావడానికి 2019 దాకా పట్టింది, కేసు సంగతి కూడా ఉంది కాబట్టి రెండూ ఒకటే అనను, కానీ ఒకే లేబుల్, రెండేళ్ల తేడాలో వచ్చిన ఆల్బమ్స్, చూడండి ఎంత తేడానో.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా చెల్లెలి కొడుకు కూడా ర్యాప్ చేస్తాడు. మే నెలలో ఫ్యాన్ ఆపేసి, పరుపు గోడకానించి, చెమటలు కారుతూ పల్నాడు యాసలో నాలుగు పాటలు రికార్డ్ చేశాడు, ఒకటి కాస్త తిరిగింది, ఒక ఆడియో కంపెనీవాళ్లు (పేరెందుకు లెండి) అగ్రిమెంట్ పంపారు. ఇరవై రెండు పేజీలు, ఇంగ్లీషు. అడ్వాన్స్ నలభై వేలు. వాడు ఆ నలభై వేలే చూశాడు. పదిహేడో పేజీలో ఉంది, మాస్టర్లు శాశ్వతంగా ప్రపంచమంతా కంపెనీవే, రేపు కంపెనీని ఎవరికి అమ్మినా వీడికి చెప్పక్కర్లేదు అని. మన కాపీరైట్ చట్టం ప్రకారం అగ్రిమెంట్లో గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, దేశం రాయకపోతే ఇండియా ఒక్కటే, అందుకే వాళ్లు శాశ్వతంగా, ప్రపంచమంతా అని మర్చిపోకుండా రాసుకుంటారు. పాట రాసినవాడి రాయల్టీ వాటా ఎవరూ లాక్కోకూడదని 2012లో సవరణ కూడా వచ్చింది, మీ ఐటంలో ఈ రెండు ముక్కలు వేస్తే ఎంత బాగుండేది.

కాబట్టి దయచేసి రాకస్ సంగతి చిన్న సవరణగానైనా వెయ్యండి. మావాడికి మీ పేపర్ మీద గురి ఎక్కువ, "చూడు మావయ్యా పేపర్లోనే వేశారు, అందరూ ఇలాగే మొదలుపెట్టారట" అని నాకే చదివి వినిపించాడు. అగ్రిమెంట్ ప్రస్తుతం మా ఇంట్లో టీవీ కింద సొరుగులో పెట్టి తాళం వేశా. లాయరు గారు పెళ్లికి తిరుపతి వెళ్లారు, గురువారం వస్తారట, అప్పటిదాకా పెన్ను ముట్టుకోవద్దని చెప్పా, రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, గుంటూరు