ఆ స్టిక్కరు ఫోటో పంపు

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. గాలివానకు పెరట్లో జామకొమ్మ విరిగి పక్కవాళ్ల రేకుల మీద పడింది. గోడ తగాదా చాలదని ఇదొకటి. నా కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కంట్లో చుక్కల మందు వేళ దాటితే మీ అమ్మ ఊరుకోవడం లేదు. మొన్న మాధవి పిన్ని కొడుకు పుణె నుంచి వచ్చాడు. కాలికి ప్లేటు వేశాక కూడా నువ్వు ఇంకా మెట్లు దిగేటప్పుడు రైలింగు పట్టుకుంటున్నావన్నాడు. మాటవరసకే అన్నాడులే, నేనూ గుచ్చి అడగలేదు.

నా కంట్లో లెన్సుకు పెద్ద కథే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కొందరు బ్రిటిష్ పైలట్ల కళ్లలో కాక్‌పిట్ కప్పు ముక్కలు గుచ్చుకున్నాయి. అది గాజు కాదు, యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్. ముక్కలు లోపలే ఉండిపోయినా కన్ను పెద్దగా వాచకపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు గమనించాడు. 1949 నవంబరులో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే రకం పదార్థంతో చేసిన లెన్సును ఒకామె కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి తిట్టిపోశారు. సర్ బిరుదు వచ్చేసరికి ఆయనకు 93 ఏళ్లు! అంత మంచి యాక్రిలిక్ తుంటిలోనూ ఇమడాలి కదా? ప్యారిస్‌లో జూడే సోదరులు 1946లో దానితోనే తుంటి కీలులోని బంతి చేసి అమర్చారు. అడుగు వేసినప్పుడల్లా అరిగి పొడి రాలింది, చుట్టూ వాచింది, కొన్ని విరిగిపోయాయి. అందుకే ఇప్పుడు పదార్థం పేరు చూసి వదిలేయరు. శరీరంలో ఎక్కడ పెడతారు, 30 రోజులు దాటి ఉంటుందా అని అడుగుతారు. దాన్ని నానబెట్టిన ద్రవంలో కణాలు బతుకుతున్నాయా, గినీపంది చర్మం ఎర్రబడుతోందా, కుందేలు కండలో ఉంచితే చుట్టూ ఏమవుతోంది అని చూస్తారు.

చర్మమంటే గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో తిరునాళ్ల కమ్మలు పెట్టుకుని చెవులు రసి కారేదాకా తెచ్చుకున్నావు. అది కమ్మల్లోని నికెల్ అనే లోహం పని. నీ కాలి ప్లేటు స్టీలుదా, టైటానియందా? ఇంప్లాంట్లకు వాడే స్టీలులో నికెల్ పది శాతం పైనే ఉంటుంది. చర్మానికి పడనిది ఎముక మీదా పడదని లేదు, చాలామందికి ఏమీ కాదు. కానీ నొప్పికి కారణం అదొక్కటే కాదు. స్క్రూ వదులైనా, ఎముక అతకకపోయినా, చీము పట్టినా నొప్పి వస్తుంది. మాత్ర వేసుకుని ఆఫీసుకు వెళ్లడం వైద్యం కాదమ్మా. చదువుకున్నదానివి, ఇదీ నేనే చెప్పాలా?

డిశ్చార్జి ఫైల్లో ప్లేటు కంపెనీ, లాటు నంబరు ఉన్న చిన్న స్టిక్కరు అతికించి ఉండాలి. దాన్ని ఫోటో తీసి పంపు. లేకపోతే ఆసుపత్రిని అడుగు, మొహమాటపడకు. 2010లో డీపూయ్ కంపెనీ ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. చాలామందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు మనకు పెట్టింది అదో కాదో తేల్చేది ఆ కాగితమే.

ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించుకో. సెలవు పెట్టు, ఆటోలో వెళ్లు, ఆ స్కూటరు జోలికి పోకు. గోంగూర, కందిపొడి పార్శిల్ వేశాను, సీసా మూత గట్టిగా ఉంటుంది, జాగ్రత్త. రైలింగు సంగతి అమ్మకు చెప్పలేదు. ఆదివారం ఫోన్లో నువ్వూ నోరు జారకు. డాక్టరు ఏమన్నారో ముందు నాకు చెప్పు.

నాన్న